తుపాకికి కాటుక

ఒహాయోలో మేము అద్దెకున్న ఇంటి పక్కన ఒక ముసలాయన ఉండేవాడు. బడిలో వడ్రంగం నేర్పి రిటైరై, గ్యారేజీలో పాతకాలపు తుపాకులు తయారుచేసేవాడు. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చే రకం. ఎనభయ్యో దశకం మొదట్లో నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. మా ఆయన ఆఫీసుకు వెళ్లాక టీవీ చూసి చూసి విసుగెత్తి, కర్ర చెక్కుతున్న వాసన పట్టుకుని ఆ గ్యారేజీ దాకా వెళ్లాను. తుపాకులంటే నాకు ఇప్పటికీ భయమే. కర్రంటే భయం లేదు.

ఆయన ఇనుప గొట్టాన్ని కర్రలో తొలిచిన గాడిలో కూర్చోబెడుతున్నాడు. గొట్టానికి కొవ్వొత్తి మసి పట్టించి, గాడిలో పెట్టి, మెల్లగా తట్టి పైకి తీస్తాడు. కర్ర మీద ఎక్కడ నల్లగా అంటుకుంటే అక్కడ ఎత్తుందని లెక్క. అక్కడ మాత్రమే వెంట్రుకంత మందం గీకాలి. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. గొట్టానికీ కర్రకీ మధ్య కాగితం కూడా దూరకూడదట. ఇన్నేళ్లూ అందరికీ చేసిపెట్టిన మనిషి, మొదటిసారి తనకోసం చేసుకుంటున్నాడు. పులిచారలున్న మేపుల్ కర్ర దిమ్మను అందుకోసం పదేళ్లు దాచుకున్నాడు. ఈలోగా కళ్లు మసకబారి, మసి గుర్తులు ఆనడం మానేశాయి. చూపు పూర్తిగా పోకముందే, ఆకులు రాలే రోజుల్లో జరిగే గురిపోటీకి తన తుపాకితో ఒక్కసారి వెళ్లాలని ఆయన ఆశ.

ఆ మసి పెళ్లలుగా రాలడం చూసి నాకు నవ్వొచ్చింది. మసి పట్టడం నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మందుల షాపులో విరేచనాలకు అమ్మే ఆముదం తెచ్చి, దూది వత్తి వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిలో నెయ్యి కలిపాను. అచ్చం మా అమ్మ చేసే కాటుక. మొదటిరోజు గుర్తులు ముచ్చటగా పడ్డాయి. ఆయన మురిసిపోయి గీకుడు పని నాకే అప్పగించాడు. నేనూ మురిసిపోయి, చేతికొచ్చినంత కాటుక పూశాను.

జూలైలో గ్యారేజీ పెనంలా కాలింది. నెయ్యి కరిగి గాడంతా పారింది. ఎటు చూసినా నలుపే. నలుపంటే ఎత్తని కదా చెప్పాడు, మూడు రోజులు నిక్షేపంగా గీకేశాను. ఆయన అడిగినప్పుడల్లా బ్రహ్మాండంగా వస్తోందన్నాను. నాలుగోరోజు గొట్టం పెట్టి చూస్తే, ఎడమ అంచున నా గోరు దూరేంత సందు.

ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన విని, "టెన్ ఇయర్స్ దాచుకున్న వుడ్‌ని స్పాయిల్ చేశావా? వెళ్లి సారీ చెప్పి, ఇంక అటు వెళ్లకు" అన్నాడు. సగం మాట విన్నాను.

సారీ చెప్పాను. ముసలాయన ఆ సందు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు పోనిచ్చాడు. తర్వాత ఒక డబ్బా నా ముందు పెట్టాడు. ఆ దిమ్మలోంచి కోసేసిన ముక్కలన్నీ అందులో ఉన్నాయి.

"అతుకు వెయ్యడం నా చేతులకు వచ్చు. చార కలిసే ముక్కను వెతకడానికి మాత్రం నీ కళ్లు కావాలి" అన్నాడు.

పట్టుచీరకు జాకెట్టు గుడ్డ వెతికినట్టు నాలుగు రోజులు వెతికాను. బియ్యం ఏరే చేటలో ముక్కలు పోసుకుని, ఎండలో ఒక్కొక్కటీ తిప్పి చూశాను. దొరికింది. ఆయన పలచగా చీల్చి జిగురుపెట్టి అతికాడు. ఈసారి నెయ్యి లేని మసిని వేలికొసతో అద్ది, ఊపిరి బిగబట్టి గీకాను. నూనె పట్టించాక చారలు కలిసిపోయి, అతుకు నాకే కనబడలేదు. గర్వంతో ఆ రాత్రి మా ఆయనకు గారెలు కూడా వండిపెట్టాను.

పోటీకి అందరూ పాతకాలపు తోలుబట్టల్లో వచ్చారు. నేను చీరలో వెళితే, వేషం బాగుందని ముగ్గురు మెచ్చుకున్నారు. ముసలాయన అయిదుసార్లు పేల్చాడు. ఒక్క గుండూ బోర్డుకు తగల్లేదు, ఆయన నవ్వు మాత్రం మైదానమంతా వినబడింది. ఎవరో తుపాకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, ఇంత చక్కటి దిమ్మ ఒక్క ముక్కలో ఎక్కడ దొరికిందని అడిగారు.

"ఒక్కటి కాదు, రెండు ముక్కలు" అన్నాడాయన. చూడకుండానే ఎడమ బొటనవేలు తిన్నగా అతుకు మీద పెట్టాడు. "రెండోది ఈవిడ వెతికిపెట్టింది. నేను పట్టుకునేది ఇక్కడే."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కోపమూ వచ్చింది. అంత కష్టపడి కనబడకుండా చేసినదాన్ని ఊరందరికీ చూపించేశాడు.