పత్తి కట్టె ఫట్‌మనాలి

పొద్దున్నే వీరులపాడు నుంచి వచ్చిన ట్రాక్టరు మా యార్డులో ఆగగానే తడి కట్టె వాసన గుప్పుమంది. మోపులోంచి ఒక పత్తి కట్టె లాగి రెండు చేతులా విరిచాను. విరగలేదు, వంగింది. జగ్గయ్యపేట పక్కన ఈ యార్డు పెట్టుకుని, చుట్టుపక్కల మిల్లులకు బొగ్గు బదులు పత్తి కట్టె అమ్ముకుని బతుకుతున్నదాన్ని. తేమ చూసే మీటరు సొరుగులోనే ఉంది. అయినా ముందు చెయ్యే పోతుంది. ఈ అలవాటు నాకు సుశీల మేడమ్ అంటించారు.

ఆవిడ నందిగామ దగ్గర ఒక పత్తిగింజల నూనె మిల్లుకు మేనేజరు. డిగ్రీ అవగానే కంచికచర్ల నుంచి బస్సులో వేలాడుతూ వెళ్ళి చేరిన నా మొదటి ఉద్యోగం అక్కడే. మేడమ్ పొట్టి మనిషి, గొంతు మాత్రం మిల్లు కూత. అప్పట్లో బాయిలరు బొగ్గుతో నడిచేది. పక్క వీధి ఆడవాళ్ళు తెల్లబట్టలు ఆరేసే ముందు మా పొగగొట్టం వైపు చూసి, మమ్మల్ని నాలుగు తిట్టి అప్పుడు ఆరేసేవాళ్ళు. ఇటు చందర్లపాడు చేలల్లోనేమో పత్తి తీతలు అయిపోగానే కట్టె పీకి, కుప్పపోసి, అగ్గి పెట్టేవాళ్ళు. "చోద్యం కాకపోతే ఏంటే అమ్మాయ్! వాళ్ళు ఊరికే తగలబెడతారు. మనం ఎక్కడో కొనుక్కొచ్చి తగలబెడతాం" అనేవారు మేడమ్. బొగ్గు మాని ఆ కట్టే కొందామని ఆవిడ పోరగా పోరగా ఓనరు గారు సరేనన్నారు. అయితే ఒక్క సీజనే. ఆవిరి ఖర్చు బొగ్గు కంటే తగ్గకపోతే కట్టె యార్డు మూసేసి మళ్ళీ బొగ్గే అన్నారు. ఆ యార్డు చూసుకునే పనిలో నన్ను పెట్టారు. అది మూస్తే నా ఉద్యోగం హుళక్కే.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా సాగింది. తర్వాత ఏమొచ్చిందో, ఎంత కట్టె వేసినా ఆవిరి ఎక్కదు. పొయ్యిలో బుస్సుమని పొగ తప్ప మంట లేదు. యార్డులోకి వెళ్ళి చూద్దును కదా, మోపులన్నీ చెమ్మ! నాకు ఒళ్ళు మండిపోయింది. "బరువు కోసం నీళ్ళు కొట్టి తెస్తున్నారండీ! పచ్చి మోసం. ఈ లోడ్లన్నీ వెనక్కి కొట్టేద్దాం" అన్నాను. మేడమ్ ఒక కట్టె తీసుకుని వంచి చూస్తూ నిలబడ్డారు. "మీ ఇంట్లో మిరప వేశారా ఎప్పుడైనా?" అని అడిగారు. లేదన్నాను. "మాకుంది. ఎండు మిరపకాయని టిక్కీ బస్తాల్లో తొక్కేముందు నీళ్ళు చల్లుతాం, కాయ విరగకూడదని. బజారుకి పోయే సరుకంటే నీళ్ళు చల్లాల్సిందే అనుకునే చెయ్యి అది. మోసం వేరు, అలవాటు వేరు" అన్నారు.

మర్నాడు చందర్లపాడు కోటేశ్వరరావు గారు మోపులేసుకుని వచ్చారు. ఆ ఊరి రైతులకు ఆయన మాటంటే గురి. మేడమ్ ఆయన్ని కాటా దగ్గరకు కాకుండా తిన్నగా బాయిలరు దగ్గరకు తీసుకెళ్ళి, ఆయన మోపే పొయ్యిలో వేయించారు. కట్టె చివర్ల నుంచి నీళ్ళు నురగలు కక్కాయి.

"ఇదేంటమ్మా, ఏడుస్తోంది?" అన్నారాయన.

"మీరు చల్లిన నీళ్ళే బాబాయి గారూ. ముందు మీ నీళ్ళు మరగాలి, ఆ తర్వాతే మా నీళ్ళు మరగాలి. రెండుసార్లు కాగపెట్టుకుంటే ఇంక మాకేం మిగులుద్ది?"

"అయ్యో, దారిలో విరిగి రాలిపోద్దని చల్లానమ్మా! ఆ మాట ముందే చెప్పకపోయారా?"

ఆయన ముఖం చూశాక నా కోపం ఎటుపోయిందో! మేడమ్ ఒక్క లోడు కూడా వెనక్కి పంపలేదు. ఫట్‌మని విరిగితే వెంటనే కాటా. వంగితే యార్డులోనే ఎండలో పరిచి, ఆరాక కాటా. నీళ్ళకు రూపాయి రాదని తెలిశాక చల్లడానికి ఎవరికి ఓపిక?

ఓనరు గారికి మాత్రం నమ్మకం కుదరలేదు. మళ్ళీ బొగ్గు లారీ పిలిపించారు. దుమ్ము లేవకుండా నీళ్ళు కొట్టి పంపారేమో, లారీ కింద నల్లటి నీళ్ళు కారుతున్నాయి. మేడమ్ ఆయన్ని అక్కడికే పిలిచారు. "చూడండి సార్, ఇన్నేళ్ళూ ఈ నీళ్ళకీ డబ్బు కట్టాం. టన్ను ఎంత అని అడక్కండి, రూపాయికి ఎంత ఆవిరి అని అడగండి. ఎండిన కట్టెతో వారం నడిపి చూపిస్తా. ఓడితే నేనే బొగ్గు ఆర్డరు రాస్తా." ఆ వారమంతా నేను బాయిలరు దగ్గరే కాపలా. ఆవిరి ముల్లు ఎక్కుతుంటే ప్రాణం లేచొచ్చేది. వారం చివర లెక్క చూసుకుని ఓనరు గారు గొణుగుతూనే యార్డు ఉంచమన్నారు. బొగ్గు పూర్తిగా మానేశామని గొప్పలు పోను. వానాకాలానికి కొంత ఉంచుకున్నాం. కానీ పక్క వీధిలో దండేల మీద తెల్లబట్టలు ధీమాగా ఎగరడం నా కళ్ళతో చూశాను.

మేడమ్ రిటైరై సొంతూరు వీరులపాడు వెళ్ళిపోయారు. నేను నాలుగేళ్ళు ఆగి ఈ యార్డు పెట్టుకున్నాను.

ఇవాళ కట్టె వంగేసరికి ట్రాక్టరు అబ్బాయి బిక్కముఖం వేశాడు. "వెనక్కి పంపనులే, దించు. ఆరాక కాటా వేద్దాం. ఎవరిది లోడు?" అని అడిగాను.

"సుశీలమ్మ గారిదండి."

నవ్వాగక వెంటనే ఫోన్ చేశాను. "మేడమ్, మీ కట్టె వంగింది!"

అటునుంచి మిల్లు కూతలాంటి నవ్వు. "అయ్యో నా చెయ్యి పడిపోను! దారిలో రాలిపోద్దని నేనే బిందెడు చల్లానే అమ్మాయ్!" నవ్వు ఆగాక గొంతు సర్దుకున్నారు. "సరే, నాదని మొహమాటపడకు. ఆరేసి, ఆరాకే కాటా వెయ్యి."

"అలాగే మేడమ్" అని, ఆవిడ మోపులు విప్పి నేనే ఎండలో పరిచాను.