ఎస్తేరు టీచర్ విమానం

మిర్యాలగూడలో ఎస్తేరు టీచర్ ఏదైనా తాను చూడకుండా పిల్లలకివ్వదు. బడిలో మధ్యాహ్న భోజనం మొదటి ముద్ద ఆమెదే. ఆ ఎండాకాలం మనవరాలు సౌమ్య నెట్ సెంటర్‌లో విమానాల యుద్ధం ఆట ఆడతానంది. "ముందుగాల నేనాడి సూస్త," అంటూ టీచర్ కళ్లద్దాలు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండుసార్లు ఆమె విమానం కొండను గుద్దుకుంది. మూడోసారి శత్రువు విమానాన్ని కూల్చేసింది. అందులోంచి ఒకడు పారాచూట్‌తో దూకాడు.

"వాన్ని గూడ కొట్టు అమ్మమ్మా, పాయింట్లొస్తయ్," అంది సౌమ్య.

టీచర్ మీటల మీంచి చేతులు తీసేసింది. "పానం దక్కించుకొని దిగుతున్నడు. ఎట్ల కొడతనే?"

అతను నేలకు దిగేలోగా వెనకనుంచి వచ్చిన మరో విమానం ఆమె విమానాన్ని కూల్చేసింది. ఆమె నవ్వుతూ లేచి, కుర్చీని మనవరాలి వైపు జరిపింది.

"ఆడుకో. గని దూకినోన్ని కొట్టకు."

సౌమ్య ఆ ఎండాకాలమంతా దూకినవాళ్లను వదిలేస్తూ, ఓడిపోతూనే ఆడింది.