జోసెఫ్‌ను ముందు వరుసలో కూర్చోబెట్టాను

బడికి పోకపోయినా సూరత్ మగ్గాల మధ్యే చదువు నేర్చుకున్నవాణ్ణి. యాభై ఏళ్లలో నేను కూర్చోని సమ్మె లేదు. నిరుడు మా భేస్తాన్ పేటలో ఒక కార్మికుడి చెయ్యి మగ్గంలో పడి నలిగిపోయింది. యజమాని పట్టించుకోకపోతే ధర్నా చేశాం. మా మేడగదిలో అద్దెకుండి కాలేజీలో చదివే టాంజానియా కుర్రాడు జోసెఫ్ మాకు మంచినీళ్లు తెచ్చాడు.

"తాతా, నేను గూడ కూసోవాల్నా?" అన్నాడు, మా ఇంట్లో నేర్చిన తెలుగులో.

"కూసో బిడ్డా! రాజ్యాంగం సదివినోణ్ణి చెప్తున్న. లొల్లి చెయ్యకుండ కూసునుడు అందరి హక్కు."

అతిథికి కండువా కప్పి ముందు కూర్చోబెట్టడం మా ఆనవాయితీ. అలాగే చేశాను. మర్నాడు పేపర్లో అతని ఫొటోయే పడింది. వారం తిరక్కుండా, 'వీసా షరతు మీరావు, దేశం విడిచి వెళ్లు' అని అతనికి నోటీసు వచ్చింది.

నా తెలుగు రాజ్యాంగం పుస్తకం పట్టుకుపోయి, నోటీసు పంపిన విదేశీయుల ఆఫీసులో గొడవపడ్డాను.

"చాచా, పంతొమ్మిదో అధికరణం మొదటి లైను నువ్వే చదువు" అన్నాడు అధికారి హిందీలో.

చదివాను. 'పౌరులందరికీ' అని ఉంది. ఇన్నేళ్లుగా చదువుతూ ఆ మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు.

"నీకు హక్కుంది. అతనికున్నది వీసా" అన్నాడాయన.

చివరి పరీక్షలు రాయకుండానే జోసెఫ్ వెళ్లిపోయాడు. రైలెక్కుతూ, "చెయ్యి పోయినాయనకు న్యాయం అయిందా తాతా?" అని అడిగాడు. కాలేదు.

నీళ్లిచ్చినవాణ్ణి గెంటేసిన చట్టం మీద నా కోపం చచ్చేదాకా చల్లారదు. కానీ ఆ కండువా కప్పిన చేతులు నావి.