అక్క ఒప్పుకోని గెలుపు

నా నవలలో మనుషులు గెలిచిన మర్నాడు నేను స్కూలుకు సెలవు పెట్టి, ఆ చివరి అధ్యాయం పట్టుకుని, తిరువూరులో బస్సెక్కి వినగడప వెళ్లాను. ఆరేళ్లుగా రాస్తున్న నవల అది. ఎక్కడో దూరపు నక్షత్రం నుంచి వచ్చిన జీవులు మనుషులున్న గ్రహాలను ఒక్కొక్కటిగా మింగేస్తుంటాయి. వాటి ఓడలు ఒక్కోటి మా తిరువూరంత ఉంటాయి. తెలుగులో ఇలాంటివి ఎవరు చదువుతారండీ అని స్టాఫ్ రూములో నవ్వారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. సగం నవల ఆ కోపంతోనే రాశాను.

వినగడపలో మా అక్కా బావా పత్తి వేస్తారు. అక్క ఏడో తరగతితో చదువు ఆపేసింది గానీ, కథ వినడంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు. “అంతమంది మనుషులు ఓడలో ఉన్నారు గదా, వంటెవరు చేస్తన్నారు?” అని ఒకసారి అడిగింది. నాకు తిక్కరేగింది. అయినా ఇంటికొచ్చి ఓడలో వంటగది పెట్టాను, అది నవలలోకెల్లా మంచి అధ్యాయం అయింది. అప్పటినుంచి అక్క సరేనంటే తప్ప పుస్తకం అచ్చుకు ఇవ్వకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

ఆ రోజు అక్క వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను గొంతు పెంచి చదివాను. నా కథానాయకుడు శాస్త్రవేత్త. మనుషుల దగ్గరున్న ఆయుధాలన్నిటినీ ఒకేసారి పేలుస్తాడు. ఆకాశమంతా తెల్లబడుతుంది, శత్రువు ఒక్కడు కూడా మిగలడు. చదవడం అయ్యేసరికి నాకే ఒళ్లు జలదరించింది.

“బాగానే రాశావు గానీ, ఇది అబద్ధం రా,” అంది అక్క.

“నవలంటేనే అబద్ధం కదక్కా.”

“అది కాదు. పై నుంచి ఎవరో వచ్చారంటే నమ్మాను. ఒక్క దెబ్బకి అందరూ పోయారంటే ఎట్టా నమ్మేది? అట్టా ఎక్కడన్నా జరుగుద్దా?”

కాగితాలు సంచిలో కుక్కి లేచాను. బస్సుకింకా టైముంది, చేలోకి రమ్మని అక్క చెప్పులేసుకుంది. మొహం ముడుచుకునే వెంట నడిచాను.

పత్తి కాయ పడుతున్న రోజులు. చేలో అక్కడక్కడా కర్రలకు లింగాకర్షక బుట్టలు కట్టి ఉన్నాయి. ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే బుట్టలవి. అక్క ఒక్కోదాని అడుగు విప్పి, పడ్డవాటిని లెక్కపెట్టి చిన్న నోట్‌బుక్కులో రాసుకుంది. విచ్చుకోకుండా ముడుచుకున్న పూలు కనిపిస్తే తెంపి కవర్లో వేసుకుంది. గులాబీ రంగు పురుగు దాక్కునేది వాటిలోనే.

“ఇది పోయేది కాదురా,” అంది. “మనం ఏమరితే వచ్చుద్ది. అందుకని రోజూ చూసుకోవటమే. ఆ ఏడు మనం మందులన్నీ కలిపి కొట్టి చూశాంగా, ఏమైంది?”

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మా వైపు ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాడు ఉంటే పురుగుమందు డబ్బా తెచ్చి వాడి చేతికిస్తారు. వాడు చదివింది ఫిజిక్సా, కామర్సా అని ఎవరూ అడగరు. ఆ ఏడు అక్క మూడు డబ్బాలు తెచ్చి నాకిచ్చింది. బావా, పక్క చేలవాళ్లూ చుట్టూ నిలబడ్డారు. నాకు అక్షరాలు తెలుసు, పైరు సంగతి తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. మూడూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టెయ్యండి, ఒక్క దెబ్బకు పోతుంది అన్నాను. కాయ లోపలున్న పురుగు బతికిపోయింది. బయట తిరుగుతూ, చెడ్డ పురుగుల్ని తిని పైరును కాచే సాలీళ్లూ, అక్షింతల పురుగులూ చచ్చాయి. వాటి భయం లేకపోయేసరికి తెల్లదోమ వచ్చిపడి, ఆకుల మీద మసి పట్టి చేనంతా నల్లబారింది. అక్క పత్తి తియ్యకుండానే దున్నించేసింది. ఎవరడిగినా పురుగు పడిందనే చెప్పింది, నా పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు అదే సలహా మానవజాతి మొత్తానికి ఇచ్చి, దానికి గెలుపని పేరు పెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి చివరి మూడు అధ్యాయాలు చించేశాను. రోజూ తెల్లవారుజామున లేచి, స్కూలు టైమయ్యేదాకా రాశాను. రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేశాను. నవల పాడైనా సరే, అబద్ధం మాత్రం ఉంచకూడదనుకున్నాను. కొత్త కథలో శాస్త్రవేత్త అన్నీ కలిపి పేలుస్తాడు, దాంతోపాటు ఇన్నాళ్లూ మనుషులను కాస్తున్న వేరే జీవులను కూడా చంపుకుంటాడు. ఆ తర్వాత సరిహద్దు గ్రహం మీద ఒకామె శత్రు నౌకలను రోజూ లెక్కపెడుతూ, వచ్చినవాటిని వచ్చినట్టే ఆపుతూ కాపలా కాస్తుంది. అంతా కుదిరింది గానీ, శాస్త్రవేత్త ఆమె ముందు తప్పు ఒప్పుకునే చోట మాత్రం కలం కదల్లేదు. ఎందుకు కదల్లేదో నాకు తెలుసు.

పత్తితీతలు అయ్యాక ఒక ఆదివారం మళ్లీ వెళ్లి అక్కకు చదివాను. శాస్త్రవేత్త ఆమె ఎదుట నిలబడేదాకా చదివి ఆపాను. ఆ కింద కాగితం ఖాళీ.

“ఆ మందులు కలపమంది నేను అక్కా,” అన్నాను. “నాకేమీ తెలియదు. తెలియదని చెప్పలేకపోయాను.”

“డబ్బా చూస్తున్నప్పుడు నీ మొహం చూస్తేనే తెలిసిందిరా,” అంది అక్క. “నలుగురిలో నీ మాట తీసెయ్యలేక కొట్టించా.”

అక్క నా మోకాలి మీద తట్టింది.

“ఇంతకీ కథలో ఆమె ఏమందో చదువు.”

జేబులోంచి పెన్ను తీశాను. అక్క చూస్తుండగానే, నేను ఒప్పుకున్న మాటను శాస్త్రవేత్త నోట, అక్క నాతో అన్న మాటను ఆమె నోట పెట్టి ఆ ఖాళీలో రాశాను.