మరియమ్మకు వేసిన సూది

1979 మే నెలలో విశాఖపట్నంలోని ఒక ప్రసూతి ఆసుపత్రి రక్తనిధిలో వైద్యాధికారిగా చేరాను. రెండో వారంలోనే మరియమ్మ తొలి కాన్పుకు వచ్చింది. ఆమె రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, పుట్టిన పాపది పాజిటివ్. కాన్పులో బిడ్డ ఎర్రకణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. తల్లి తెల్లరక్తకణాల్లో ఒక రకమైన బి కణాలు వాటిని పరాయివిగా ఎంచి, వాటిని చంపే యాంటీబాడీలు తయారుచేయడం మొదలుపెడితే, తర్వాతి కాన్పులో అవి బిడ్డ రక్తంలోకి చేరి, బిడ్డ దక్కడం కష్టం. అలా జరగకుండా మూడు రోజుల్లోపు యాంటీ-డి ఇంజెక్షను పడాలి. అది ఊళ్లో దొరకలేదు.

మద్రాసుకు ట్రంకాల్ చేస్తే అక్కడ ఉందన్నారు. మరియమ్మ భర్త యేసుదాసు పోర్టులో ఖలాసీ. అతనే రైలెక్కి వెళ్లి, మందును ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని మూడో రోజు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. గడువుకు ఇంకా నాలుగు గంటలుంది.

సిరంజిలోకి మందు తీస్తుంటే, "ఇందులో ఏటుందండీ?" అని అడిగాడు. యాంటీబాడీలేనన్నాను.

"ఆవిడ ఒంట్లో పుట్టకూడదన్నవి అయ్యే కదండీ. మరి మీరే ఎక్కిత్తన్నారేటి?"

పక్కనున్న మా ప్రొఫెసరు గారి వైపు చూశాను. పనిచేస్తుందని తెలుసు గానీ ఎందుకో ఎవరికీ పూర్తిగా తెలియదని, అదే చెప్పమని అన్నారాయన. చెప్పాను.

మంచం మీంచి మరియమ్మే జబ్బ చాపింది. "తెలీదని సెప్పినోరిని నమ్మొచ్చు. ఏసీయండి."

మూడేళ్లకు ఆమె మళ్లీ గర్భవతి అయింది. నెలనెలా ఆమె సీరంతో కూంబ్స్ పరీక్ష చేసేవాణ్ణి. యాంటీబాడీలు ఉంటే గొట్టంలో ఎర్రకణాలు గడ్డలు కడతాయి. చివరి నెల వరకు ఒక్క గడ్డ కట్టలేదు. ఆరోగ్యంగా కొడుకు పుట్టాడు.

ఆ తర్వాత పత్రికల్లో బి కణం గురించి చదివాను. దాని ఒంటి మీద ఇక ఆపమనే సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఒకటుంది. పరాయి కణానికి అప్పటికే అంటుకున్న యాంటీబాడీ తోక ఆ గ్రాహకాన్ని తాకితే, బి కణం యాంటీబాడీల తయారీని తగ్గిస్తుంది. కంటికి కనబడనంత చిన్న కణం, తన పని ఇప్పటికే జరిగిందో లేదో చూసుకుని మరీ ఆగుతోంది. ఆ పూట ఆ వ్యాసాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను.

మేం ఎక్కించిన యాంటీబాడీలతో మరియమ్మలో జరిగింది సరిగ్గా అదేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. కారణం తేలేదాకా ఆగే వీలు మాకు లేదు. మా వృత్తిలో చాలా పనులు అలాగే చేయాలి.