భుజం నొప్పి అని చెప్పిన అమ్మ

మా అమ్మ పోయి రేపటికి నెల. గార్లలో మా ఇంట్లోనే, పొద్దున పూట టీ తాగుతానని అడిగి, నేను కాచి తెచ్చేలోపు పోయింది. పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ రొమ్ము క్యాన్సర్ అని చెబుతున్నాను. ఆమె బతికుండగా ఆ మాట ఒక్కసారి కూడా నా నోట రాలేదు.

నాకు అక్కచెల్లెళ్ళు లేరు. నాన్న నా చిన్నప్పుడే పోతే, మిర్చి చేలల్లో కూలికి పోయి అమ్మ నన్ను ఫార్మసీ చదివించింది. అమ్మను నేను అవ్వా అనే పిలిచేవాణ్ణి. మిర్చి ఏరే కాలమంతా వేళ్ళు మండి, చెంచాతో అన్నం తినేది. "పట్నపోళ్ళ లెక్క తింటున్న జూడు" అని తన మీద తనే నవ్వుకునేది. నేను మహబూబాబాద్‌లో మందుల షాపులో చేరాక ఆమెను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఎవరు డాక్టరుకు చూపించుకోమన్నా, "నా కొడుకు మందుల షాపుల ఉండంగ నాకేం దవాఖాన?" అనేది.

ఆ గొప్పే మమ్మల్ని ముంచింది. కిందటేడు మిర్చి ఏరడం మొదలైనప్పటి నుంచి, "ఎడమ భుజం గుంజుతున్నది బిడ్డా, ఓ గోలీ తే" అనేది. తెచ్చాను. గోలీలు మార్చాను, పూసుకునే మందు తెచ్చాను. షాపుకొచ్చే ముక్కూమొహం తెలియని మనిషిని కూడా ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి అని ఆరా తీసేవాణ్ణి. అమ్మను మాత్రం అడగలేదు. ఆరు నెలలకు పక్కింటి అక్క, మా అమ్మ జాకెట్టు మీద మరక చూసి నాకు ఫోన్ చేసింది.

వరంగల్‌లో డాక్టరమ్మ, జబ్బు ముదిరిపోయిందని చెప్పాక, ఏడవాల్సింది పోయి, అందరి ముందూ అమ్మ మీద అరిచాను. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదవ్వా? నేను లేననుకున్నవా?"

అమ్మ కొంగు సర్దుకుంది. "ఆడివిల్లవైతే చెప్పకపోదునా? కొడుకువైతివి. ఎట్ల చెప్పాలె నాయినా?"

 

ఆపరేషన్‌కు వీలు కాదన్నారు. పుండుకు రోజూ కట్టు మార్చాలి. పక్కింటి అక్క మార్చేది, నేను గుమ్మం బయట నిలబడి దూదీ మందూ అందించేవాణ్ణి. ఆమె ఊరికి పోయిన రోజు నేనే లోపలికి వెళ్ళాను. అమ్మ మొహం మీదికి కొంగు లాక్కుంది. మర్నాడూ అంతే. మూడో రోజు కొంగు తీసి, "నీ చెయ్యి మెత్తగున్నది బిడ్డా" అంది. నా చదువు గురించీ ఉద్యోగం గురించీ ఊరంతా గొప్పగా చెప్పుకుంది గానీ, నేను దాచుకున్న మెప్పు ఇదొక్కటే. ఆ తర్వాత నాలుగు నెలలూ కట్టు నేనే మార్చాను.

పోయిన రోజు, స్నానం చేయించడానికి ఆడవాళ్ళు వాకిట్లో చీర అడ్డం పట్టారు. మా మేనత్త నన్ను వెనక్కి నెట్టింది. "కొడుకువి, నువ్వు ఈడ ఉండద్దు. అటు పో."

పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. చీర వెనక నుంచి ఎవరో, "కట్టు అంటుకపోయిందే, ఊడుతలేదు" అన్నారు.

"గుంజకుండ్రి. నీళ్ళు పోసి జర నాననియ్యుండ్రి" అన్నాను, గోడకేసి చూస్తూనే. "గుంజితె అవ్వకు నొస్తది."