నాంచారమ్మ పట్టుకెళ్లిన సమితి గంట

పేరు నాంచారమ్మ. వయస్సు సుమారు యాభై నాలుగు సంవత్సరాలు. నివాసం కొల్లేటి లంక. వృత్తి చేపల వర్తకం. పంచాయతీ సమితి కార్యాలయంలో నకళ్లు వ్రాసి ఈ 1974వ సంవత్సరంలోనే విశ్రాంతి పొందిన వెంకటసుబ్బారావు ఆమెను పదిహేడేళ్లుగా ఎరుగును. ఈ క్రింది వృత్తాంతంలో సభలో జరిగినది అతడు కళ్లారా చూసినది. తక్కినది ఆమె నోట విన్నది.

తెల్లవారేసరికి నాంచారమ్మ గంపలు బెజవాడ బజారులో దిగి ఉండాలి. కొరమీను బ్రతికి ఉండగానే బేరం తెగాలి. అందుచేత ఆమె గొంతుకు నిదానం తెలియదు. బజారు ఈ చివర నిలబడి కేక వేస్తే ఆ చివరనున్న బేరగాడు తల తిప్పి చూస్తాడు. ఇటువంటి మనిషి సమితి సభ్యురాలు కావాలని ఎవరూ కోరుకోలేదు. ఇద్దరు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనవలెనని నిబంధన ఉన్నది. ఒక స్థానం రైతు కుటుంబీకురాలు పద్మావతమ్మగారికి దక్కింది. రెండవది ఎవరికిచ్చినా తగవు వచ్చేట్టుండగా, "చేపలామెకు ఇచ్చేయండి, గంప దించుకునే తీరికే ఉండదు ఆవిడకి" అని అధ్యక్షులు బసవపున్నయ్యగారు తేల్చివేశారు. నీచు వాసన వస్తుందని గుమ్మం పక్కన వేరే ముక్కాలిపీట వేయించారు. నాలుగేళ్లు ఆమె ఆ పీట మీదనే కూర్చుని, టీ త్రాగి, వేలిముద్ర వేసి వెళ్లింది.

ఈ శ్రావణంలో ఆమె తన మేనల్లుడు ఎల్లారావు భార్య గంగారత్నాన్ని సమితి ఊరి ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. గంగారత్నానికి గుండె జబ్బు; నాలుగో కాన్పులోనే చావు తప్పింది. ఇప్పుడు మళ్లీ కడుపు. ఎల్లారావు వేసవిలో వచ్చి వెళ్లాడు. విశాఖపట్నం దాటి ఎక్కడో మరపడవల మీద ఉన్నాడని తప్ప, ఏ రేవులో ఉన్నాడో తెలియదు.

"ఈ కడుపు నిలిపితే ఈమె నిలవదు" అన్నారు లేడీ డాక్టరుగారు. "బుధవారం ఆపరేషన్ల రోజు, ఆరోజు తీసుకురండి. ఆలస్యం చేయొద్దు. మూడో నెల దాటితే ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. ఇక్కడ నేనొక్కదాన్నే."

"ఆడి సంతకం కావాలాండీ?" అని నాంచారమ్మ అడిగింది.

"కొత్త చట్టం ప్రకారం అక్కర్లేదు. మేజరైన ఆడమనిషి ఒప్పుకుంటే చాలు. కానీ మంగళవారం సమితిలో తీర్మానం పెడుతున్నారట, భర్త సంతకం, సర్పంచి ధ్రువపత్రం లేనిదే ఎవర్నీ ముట్టుకోకూడదని. ఆ కాగితం నా బల్ల మీదికొస్తే నా చేతులు కట్టేసినట్టే. కాదంటే బదిలీ చేయిస్తారు."

బయటికి వచ్చాక గంగారత్నం చెట్టు నీడన కూలబడింది.

"నేను పోతే నా పిల్లల్ని చూస్తావా అత్తా?"

"చూడను" అంది నాంచారమ్మ. "నీ పిల్లల్ని నువ్వే చూసుకో. బుధవారానికి మంచి చీర ఉతికి పెట్టుకో."

అధ్యక్షులవారి ఉద్దేశం కూడ ఇక్కడ చెప్పుట న్యాయం. క్రిందటి నెలలో ఒక మోతుబరి ఇంటి కోడలు పుట్టింటికని చెప్పి అదే ఆసుపత్రికి వెళ్లి వచ్చిందన్న మాట బయటపడింది. కుటుంబాల మర్యాద నిలపడం తన ధర్మమని బసవపున్నయ్యగారు నిజంగానే నమ్మారు. అయితే కష్టమైన తీర్మానాన్ని అజెండాలో చూపకుండా, చిట్టచివర "ఇతర అంశములు" అన్నచోట పెట్టడం ఆయన పద్ధతి. ఆఖరి బస్సు వేళకు సభ్యులు దేనికైనా చెయ్యెత్తుతారు. ఎవరికైనా బస్సు తప్పితే సమితి జీపు ఇంటి దగ్గర దింపి వస్తుంది.

మంగళవారం బెజవాడ నుంచి తిరిగి వస్తూ నాంచారమ్మ బస్సు కిటికీలోంచి ఆ జీపును చూసింది. ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు, చక్రాలు ఊడదీసి, ఇటుకల మీద నిలబెట్టి ఉంది. ఆమె ఇంటికి పోలేదు. ఖాళీ గంపలతో నేరుగా సభకు వచ్చి, ముక్కాలిపీటను దాటి, వరుస మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్క సభ్యుడు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. ఆమె కుర్చీ మరికాస్త అతని వైపే జరిపింది.

కల్వర్టు వచ్చింది, ఎక్కడ కడతారని అడిగింది. బోరింగు పంపు వచ్చింది. పాతది ఏమైందని అడిగింది. అధ్యక్షులవారు తీర్మానం చదివేసరికి పొద్దు వాలింది.

"చట్టం ఒప్పుకోదేమోనండీ" అని బి.డి.ఓ.గారు మెల్లగా అన్నారు.

"మనం చట్టం మార్చట్లేదండీ. మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో మనకి తెలియొద్దా? చేతులెత్తండి."

నాంచారమ్మ లేచి నిలబడింది. "ఎత్తేముందు ఓ మాటండీ."

"క్లుప్తంగా చెప్పమ్మా. బస్సు టైమవుతోంది."

"తెల్సండీ. నాదీ అదే బస్సు."

ఆ తరువాత ఆమె ఆగలేదు. గంగారత్నం పుట్టుక దగ్గర మొదలుపెట్టి, కాన్పు వెంట కాన్పు చెప్పుకొచ్చింది. అధ్యక్షులవారు గంట మ్రోగించారు. ఆ సమితిలో గంట మ్రోగితే మాట్లాడేవారు కూర్చోవలెను, వెంటనే చేతులెత్తవలెను. నాంచారమ్మ బల్ల దగ్గరికి నడిచి, ఆ ఇత్తడి గంటను తీసి, తన బొడ్లో దోపుకుంది.

"ఇది మోగితే నాకు మాట తడబడుద్దండీ."

"అది సమితి ఆస్తి! ఇటివ్వు!"

"తమరే తీసుకోండి" అని ఆమె నడుము మీద చేయి వేసుకుని నిలబడింది. తీసుకొనగల మగవాడు ఆ సభలో లేడు.

వెనుక వరుసలోంచి రత్తయ్య అనే సభ్యుడు "కూర్చోవే, ఇదేమన్నా చేపల బజారా?" అని అరిచాడు.

"రత్తయ్యబాబూ, పోయినేడు కుటుంబ నియంత్రణ క్యాంపులో తమరు ఆపరేషన్ చేయించుకుని బకెట్టు పుచ్చుకొచ్చారు గదా. అమ్మగారి సంతకం ఎవరడిగారండీ?"

సభ గొల్లుమంది. "అది వేరు!" అన్నాడు రత్తయ్య.

"వేరేనండీ. తమరికి బకెట్టొచ్చింది. మా పిల్లకి పాడె వస్తది."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో బస్సు హారను మ్రోగింది. దూరపు ఊళ్లవారు ఒక్కొక్కరే సంచులు తీసుకుని లేచారు.

"కూర్చోండి, జీపులో దింపిస్తాను!" అన్నారు అధ్యక్షులవారు.

"ఏ జీపండీ? ఆటోనగర్‌లో ఇటుకల మీద కూర్చుందే, అదేనా?"

లేచినవారు ఇక ఆగలేదు. వారి వెనుక పద్మావతమ్మగారు కూడ లేచారు. ఎప్పటివలెనే ఆమె భర్త వెనుక కుర్చీలో ఉన్నారు. ఇన్నేళ్లూ ఆమె తరఫున మాట్లాడినది ఆయనే.

"నాకూ బస్సు టైమయిందండీ" అన్నారామె. వారి ఇల్లు సమితి కార్యాలయానికి ఎదురుగానే ఉన్నది.

"ఏంటే ఇది? కూర్చో!"

"మీరు కూర్చోండి. మీరెంతసేపు కూర్చున్నా లెక్కలోకి రారు."

బి.డి.ఓ.గారు తలలు లెక్కపెట్టి, "నాంచారమ్మతో కలిపితే కోరం సరిపోయిందండీ" అన్నారు. అధ్యక్షులవారి ముఖం వికసించింది. ఆ వికాసం పూర్తి కాకముందే నాంచారమ్మ గంపలు చంకనెత్తుకుని గడప దాటి వరండాలో నిలబడింది.

"ఇప్పుడు లెక్కెట్టండి."

"సభ్యురాలు లోపలికి రావాలని ఆదేశిస్తున్నాను!"

"నాలుగేళ్లు గుమ్మం దగ్గరే కూర్చోబెట్టారు గదండీ. నాకిక్కడే బాగుంది."

కోరం లేక సభ ఆగిపోయింది. బుధవారం ఉదయం గంగారత్నం ఉతికిన చీర కట్టుకుని, తన సంతకం తానే పెట్టి, ఆపరేషన్ గదిలోకి వెళ్లింది. గది తలుపు తెరిచి డాక్టరుగారు "ఫర్వాలేదు" అనేవరకు నాంచారమ్మ ఆ గుమ్మం దగ్గర నుంచి కదలలేదు. అటుపిమ్మట తామరాకులో చుట్టిన గంటను సమితి కార్యాలయంలో అప్పగించి వెళ్లింది. దాని నీచు వాసన ఇంకా పోలేదని అటెండరు చెబుతున్నాడు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది: అధ్యక్షుల ఆదేశం ధిక్కరించినందుకు, సమితి ఆస్తి అపహరించినందుకు ఆమె సభ్యత్వం రద్దు. క్షమాపణ వ్రాసి ఇస్తే అపహరణ మాట తీసివేస్తామని బసవపున్నయ్యగారు కబురంపారు.

"గంట తిరిగిచ్చాను గదండీ. అన్న మాట తిరిగివ్వను" అని ఆమె వెంకటసుబ్బారావుతో చెప్పింది. "అదే తీర్మానం మళ్లీ పెడతన్నారట గదా. ఈసారి జీపు బాగయిపోయిందంట. నన్ను లోపలికి పంపించండి చాలు, నా దారి నేను చూసుకుంటా."

కావున జిల్లా అధికారులవారికి వెంకటసుబ్బారావు వినయపూర్వకంగా విన్నవించుకొనునది: నాంచారమ్మ ఆదేశం ధిక్కరించిన మాట నిజము, గంట పట్టుకువెళ్లిన మాటయు నిజము, అపహరణ అన్న మాట మాత్రము నిజము కాదు. ఆ మాటను ఉత్తర్వు నుండి కొట్టివేసి, ఆమె సభ్యత్వమును రాబోవు సమావేశమునకు ముందుగానే పునరుద్ధరించి, సభలో తక్కిన సభ్యులతో సమానముగా ఆమెకు కుర్చీ వేయించవలసినదిగా ప్రార్థన.